పాత డెస్క్‌టాప్‌కి క్రూషియల్ బీఎక్స్500: వేగం సరే, కరెంటు సంగతో?

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా, అటు బరంపురం దాకా తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ కనిపించే పాత డెస్క్‌టాప్ ఒకటుంది. హెచ్61 మదర్‌బోర్డు, రెండో తరమో మూడో తరమో ఐ3, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. పిల్లల ప్రాజెక్టులు, భూ రికార్డుల సైటు భూలేఖ్‌లో తీసిన పట్టా కాపీలు, పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి అయిదు నిమిషాలు, వచ్చాక క్రోమ్ తెరుచుకోవడానికి ఇంకో రెండు. ఇంట్లో అందరూ అనేమాట ఒకటే: ఇది ముసలిదైపోయింది, కొత్తది కొందాం.

అలాంటి మిషన్‌కి 240 జీబీ క్రూషియల్ బీఎక్స్500 ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే, తిరిగే భాగాలు లేని డ్రైవ్) వేస్తే ఎంత లాభం, ఎక్కడ ఇబ్బంది అన్నదే ఈ రివ్యూ. తీర్పు ముందే చెప్పేస్తాం. నెమ్మదికి కారణం హార్డ్ డిస్కే అయితే నిస్సందేహంగా వేయించుకోండి. కారణం వేరే అయితే డబ్బు దండగ. ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు.

కొనక ముందు చూడాల్సింది

డెస్క్‌టాప్ రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి కదలకుండా మూడు నిమిషాలు చూడండి. డిస్క్ దగ్గర 100 శాతం, కానీ చదివే వేగం సెకనుకి ఒకటి రెండు ఎంబీలే, ప్రాసెసర్ పది పదిహేను శాతం దగ్గర ఖాళీగా ఉంది అనుకోండి, దొంగ దొరికినట్టే. హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. కావలసిన ముక్క, డిస్క్‌ని చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. తల అక్కడికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. ఆ లెక్కన సెకనుకి డెబ్బై ఎనభై చిన్న పనులకంటే ఎక్కువ చేయలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి అలాంటి చిన్న ముక్కలే, వేల కొద్దీ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి ఒక్కో ముక్కా మిల్లీసెకనులో పదో వంతు లోపే చేతికొస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే 540 ఎంబీ వేగానికి దీంతో పెద్ద సంబంధం లేదు.

మెమరీ దగ్గర 85, 90 శాతం కనిపిస్తే మాత్రం ముందు ర్యామ్ సంగతి చూడాలి. 4 జీబీ చాలక విండోస్ మిగతాదాన్ని హార్డ్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో పడేస్తుంది. డిస్క్ 100 శాతం చూపిస్తున్నా అసలు తప్పు ర్యామ్‌ది. హెచ్61 బోర్డుకి సాధారణంగా రెండే స్లాట్లు ఉంటాయి. రెండోదాంట్లో ఇంకో 4 జీబీ వేస్తే మొత్తం 8 అవుతుంది, రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానల్ కూడా కలిసొస్తుంది. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: చవగ్గా దొరికే డీడీఆర్3 స్టిక్కుల్లో ఏఎండీ బోర్డులకే పనికొచ్చేవి ఉన్నాయి. ఇంటెల్ బోర్డులో పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, లేదా బీప్ కొడుతుంది. ఇంటెల్ బోర్డు అని షాపులో ముందే చెప్పండి. వీలైతే కేబినెట్ పట్టుకెళ్లి, అక్కడే పెట్టించి, ఆన్ అయ్యాకే డబ్బులివ్వండి. ఉన్న స్టిక్కు కాంటాక్టులు సముద్రపు గాలికి నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, బట్టతో తుడిచి పెట్టండి. బరంపురం, గోపాలపురం వైపు ఇది మామూలు విషయం.

ప్రాసెసరే 100 శాతం ఉంటే ప్రాసెసెస్ ట్యాబ్‌లో పైన ఉన్న పేరు చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడవడం చాలాచోట్ల కనిపించే జబ్బు. మిషన్‌తో వచ్చింది ఒకటి, ఎవరో వేసిపోయింది ఇంకొకటి. రెండూ తీసేసి విండోస్ డిఫెండర్ ఒక్కటే ఉంచితే సరిపోతుంది. ఏ పేరూ కనిపించకుండా ప్రాసెసర్ వేగం 3 గిగాహెర్ట్జ్ నుంచి ఒకటిన్నరకి పడిపోతుంటే అది వేడి. ఫ్యాన్ కింద దుమ్ము మెత్తలా పేరుకుని ఉంటుంది, థర్మల్ పేస్ట్ ఎండి పొడైపోయి ఉంటుంది. ఇంటెల్ ఫ్యాన్‌ని పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఒకటి ఊడినా ఇదే గతి. బఠాణీ గింజంత పేస్ట్ కొత్తగా పెట్టి, కాళ్లు ఎదురెదురుగా రెండేసి చొప్పున టక్‌మనేదాకా నొక్కాలి. దానికి ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆలస్యం విండోస్ గుర్తు కనిపించక ముందా, తర్వాతా? బోర్డు కంపెనీ లోగో మీదే నిమిషం ఆగిపోతే ఎస్‌ఎస్‌డీ వేసినా ఆ నిమిషం అలాగే ఉంటుంది. పాడైన డీవీడీ డ్రైవ్, వెనక గుచ్చి మరిచిపోయిన పెన్ డ్రైవ్, కార్డ్ రీడర్, బూట్ వరసలో మొదట నిలబడ్డ నెట్‌వర్క్ బూట్, వీటిలో ఒకటై ఉంటుంది. ఒక్కొక్కటే పీకి చూడండి.

చివరగా క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడాలి. 05, సీ5, సీ6 అనే వరసల్లో చివరి గడి సున్నా ఉంటే మంచిది. సీ5 పెరుగుతుంటే డిస్క్ చదవలేని సెక్టార్లు పోగేసుకుంటోందని అర్థం. అప్పుడు కొనుగోలు సంగతి తర్వాత, ముందు ఫొటోలు, కాగితాలు బయటి డిస్క్‌కి కాపీ చేసుకోండి. సీ7 ఒక్కటే పెరిగితే డిస్క్ బాగానే ఉంది, దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబులే పోయింది. ఎన్నో మంచి డిస్క్‌లు ఈ కేబుల్ పాపానికి చెత్తబుట్టలో పడ్డాయి.

సరుకు ఎలా ఉంది

బీఎక్స్500 అనేది 2018లో వచ్చిన 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. 240 జీబీకి కంపెనీ చెప్పే వేగం చదవడానికి 540, రాయడానికి 500 ఎంబీ. వారంటీ 3 ఏళ్లు లేదా మొత్తం 80 టీబీ (80 వేల జీబీ) రాసేదాకా, ఏది ముందైతే అది. రోజుకి 20 జీబీ చొప్పున రాసినా 80 టీబీ పూర్తవడానికి పదకొండేళ్లు పడుతుంది, ఇంటి వాడకంలో అంత రాత ఉండదు. విండోస్‌లో 223 జీబీ అని చూపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా.

హెచ్61లో ఉన్నది సాటా 2. అంటే సెకనుకి 300 ఎంబీ హద్దు, చేతికొచ్చేది 270 దగ్గర. సగం వేగమే వస్తుందే అని బెంగపడక్కర్లేదు. బూట్ అయ్యే సమయంలో సాటా 2, సాటా 3 తేడా కంటికి కనిపించదు. కారణం పైన చెప్పిందే, పని అంతా చిన్న ముక్కలతో. ఇంకా పాత జీ41 బోర్డు అయితే కొంచెం ఆలోచించాలి. అందులో ఉండే ఐసీహెచ్7 చిప్‌కి ఏహెచ్‌సీఐ (డిస్క్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) లేదు, పాత ఐడీఈ పద్ధతిలోనే నడుస్తుంది. బాగుపడుతుంది గానీ ఐ3 మిషన్ అంత కాదు.

ఇక లోపాలు. ఇందులో డీర్యామ్ (డ్రైవ్ తన లెక్కలు పెట్టుకునే చిన్న వేగమైన మెమరీ) లేదు. రోజువారీ పనిలో తెలియదు. పెళ్లి వీడియోలు పదుల జీబీ ఒకేసారి కాపీ పెడితే మాత్రం మొదట పరుగెత్తి, వేగంగా రాసుకునే కొద్దిపాటి చోటు (కాష్) నిండగానే నడకకి దిగుతుంది, హార్డ్ డిస్క్ వేగానికి కూడా పడిపోవచ్చు. డ్రైవ్ పూర్తిగా నిండే కొద్దీ ఇది ముదురుతుంది, అందుకే ముప్ఫై నలభై జీబీ ఖాళీగా ఉంచాలి. వీడియో ఎడిటింగ్ చేసే స్టూడియోలకి ఇది వద్దు. శాంసంగ్ 870 ఈవో 250 జీబీలో డీర్యామ్ ఉంది, 150 టీబీ రాత, 5 ఏళ్ల వారంటీ. ధర కూడా ఆ మేరకు ఎక్కువే. కింగ్‌స్టన్ ఏ400 మాత్రం బీఎక్స్500కి తోడు దొంగే: 240 జీబీకి 500, 350 ఎంబీ, 80 టీబీ, 3 ఏళ్లు. ఇంటి పనికి ఈ రెండిట్లో ఏది దొరికితే అది తీసుకోండి, పట్టుబట్టడంలో అర్థం లేదు.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి. క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని 2025 డిసెంబరులో దాని సొంతదారు మైక్రాన్ ప్రకటించింది. 2026 ఫిబ్రవరి దాకా సరఫరా చేస్తామని, ఆ తర్వాత కూడా వారంటీ సేవ ఉంటుందని చెప్పింది. కాబట్టి దుకాణంలో ఉన్నది పాత స్టాకే అయివుండొచ్చు. సీలు చూసి, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకుని తీసుకోండి. ఇంటికొచ్చాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పవర్ ఆన్ గంటలు చూడండి. కొత్తది అయితే సున్నాకో ఒకటికో దగ్గర ఉండాలి. వందల్లో ఉంటే అది ఎవరో వాడి వదిలిందే.

బిగించడం

డబ్బాలో కేబుల్ రాదు. సాటా డేటా కేబుల్ ఒకటి విడిగా కొనాలి, మూతి దగ్గర ఇనుప క్లిప్పు ఉన్నది అయితే మంచిది. మిషన్‌కి కరెంటిచ్చే పెట్టె, ఎస్‌ఎంపీఎస్ నుంచి ఖాళీ సాటా పవర్ వైరు ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే డీవీడీ డ్రైవ్‌ది పీకి పెట్టండి, ఎలాగూ దాన్ని ఎవరూ వాడటం లేదు. నాలుగు పిన్నుల పాత మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవక కన్వర్టర్లలో, ప్లాస్టిక్ పోతపోసి మూసేసిన రకం లోపల వైర్లు తగులుకుని కాలిపోయే ప్రమాదం ఉంది. అది వద్దు. కేబినెట్‌లో 2.5 అంగుళాల స్థలం లేకపోతే బ్రాకెట్ కొనొచ్చు. లేదంటే రెండు వైపులా అంటుకునే టేపుతో కేబినెట్ గోడకి అంటించినా ఏమీ కాదు, కదిలే భాగం లేదు కదా. వేలాడుతూ వదిలెయ్యడం మాత్రం తప్పు, దాని బరువుకి కనెక్టర్ ప్లాస్టిక్ విరుగుతుంది.

ఏ పోర్టుకి పెట్టాలి? బోర్డు మీద సాటా 1 అని రాసి ఉన్నదానికి. పాత డిస్క్‌ని రెండోదానికి మార్చండి.

క్లోనా, కొత్తగా వేయడమా

కొత్తగా విండోస్ వేయడమే శుభ్రం, ఎందుకంటే క్లోన్ అంటే పాత డిస్క్‌కి ఉన్నదున్నట్టు నకలు, పదేళ్ల చెత్త దాంతో పాటు కొత్త డ్రైవ్‌లోకీ వస్తుంది. కానీ ఈ సరిహద్దు ఊళ్లలో ఒక చిక్కుంది. డీటీపీ చేసేవాళ్ల మిషన్లలో తెలుగు టైపింగుకి అను, ఒడియాకి ఆకృతి ప్రోగ్రాములు పక్కపక్కనే ఉంటాయి. వాటి పాత సీడీలు ఎప్పుడో పోయి ఉంటాయి, డాంగిల్‌తో (మిషన్‌కి గుచ్చే తాళంచెవి లాంటిది) నడిచే కాపీ అయితే డ్రైవర్ దొరకడం కష్టం. అలాంటి మిషన్‌ని ఫార్మాట్ చెయ్యమని చెప్పం. క్లోనే చెయ్యండి. మామూలు ఉత్తరాలు, స్కూలు పనులు మాత్రమే అయితే ఆ రెండూ అక్కర్లేదు, విండోస్‌లోనే ఉన్న నిర్మలా యూఐ ఫాంట్ తెలుగునీ ఒడియానీ చూపిస్తుంది. రెండు కీబోర్డులూ సెట్టింగ్స్‌లో కలుపుకోవచ్చు.

క్లోన్‌కి క్రూషియల్ కొన్నవాళ్లకి ఆక్రోనిస్ ప్రోగ్రామ్ ఉచితంగా వస్తుంది. 500 జీబీ డిస్క్‌ని 240లోకి పంపాలంటే వాడిన మొత్తం 180 జీబీ లోపు ఉండాలి, ఫొటోలూ వీడియోలూ ముందు పక్కకి తీయండి. సీ డ్రైవ్ ఒక్కటే ఎంచుకుంటే బూట్ కాదు. దాని పక్కన అక్షరం లేకుండా ఉండే సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే చిన్న ముక్క కూడా వెళ్లాలి. కాపీ అయ్యాక మిషన్ ఆపి, పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీతో ఒక్కదానితోనే మొదటిసారి ఆన్ చెయ్యాలి. రెండూ ఉంచి ఆన్ చేస్తే విండోస్ పాతదాన్నుంచే లేవొచ్చు. అప్పుడు, డబ్బు పెట్టినా మార్పేమీ లేదు అనుకునేవాళ్లు చాలామందే.

బయోస్, ఆ గుండ్రటి బ్యాటరీ

పాత బోర్డుల్లో డిస్క్ పద్ధతి ఐడీఈలో ఉండిపోయి ఉంటుంది. ఏహెచ్‌సీఐకి మారిస్తేనే ఎస్‌ఎస్‌డీ చిన్న పనులన్నీ ఒక వరసలో పెట్టుకుని చకచకా చేస్తుంది. కొత్తగా విండోస్ వేసేవాళ్లు ముందే బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగ్స్) మార్చేస్తే చాలు. క్లోన్ చేసినవాళ్లు నేరుగా మారిస్తే విండోస్ లేవకుండా నీలి తెర వస్తుంది. విండోస్ 10లో దారి ఇది: రన్‌లో ఎంఎస్ కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. డిలీట్ కీతో బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ ఎంచి సేవ్ చెయ్యండి. సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. అంతే.

ఇక్కడే అసలు వల ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చాలా పాత మిషన్లలో చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోయి మెయిన్ స్విచ్ ఆగిన ప్రతిసారీ బయోస్ అన్నీ మరిచిపోయి మొదటికొస్తుంది. అంటే పద్ధతి మళ్లీ ఐడీఈ, మళ్లీ నీలి తెర. తప్పు ఎస్‌ఎస్‌డీ మీద పడుతుంది, వారంటీకి తిప్పి పంపుతారు, అక్కడ బాగానే ఉందని తిరిగొస్తుంది. ఆన్ చెయ్యగానే ఎఫ్1 నొక్కమని అడగడం, తేదీ ఏళ్ల వెనక్కి పోవడం, బ్రౌజర్ ప్రతి సైటుకీ భద్రత లేదని అరవడం ఈ బ్యాటరీ గుర్తులే. మల్టీమీటర్‌తో చూస్తే 3 వోల్టులు ఉండాలి, 2.7 కిందికి దిగితే మార్చెయ్యండి. ఎస్‌ఎస్‌డీ కొన్నప్పుడే దీన్నీ కొనండి, కిళ్లీకొట్టు ఖర్చు.

కరెంటు

గజపతి, రాయగడ వైపు వానాకాలంలో కరెంటు రావడం పోవడం మామూలే. హార్డ్ డిస్క్‌కి అది అలవాటే. ఎస్‌ఎస్‌డీకి అలవాటు కాదు. రాత మధ్యలో కరెంటు పోతే ఏది ఎక్కడుందో చెప్పే డ్రైవ్ లోపలి పట్టిక తారుమారై, తర్వాతి ఆన్‌కి బయోస్‌లో డ్రైవే కనిపించకుండా పోవచ్చు. చచ్చిపోయిందని పారెయ్యకండి. క్రూషియల్ వాళ్లే చెప్పిన పద్ధతి ఉంది: డేటా కేబుల్ పీకేసి, పవర్ వైరు మాత్రం ఉంచి, మిషన్ ఆన్ చేసి 20 నిమిషాలు వదిలెయ్యాలి. ఆపి, పవర్ వైరు పీకి అర నిమిషం ఆగాలి. ఇదంతా ఇంకోసారి. ఆ తర్వాత రెండు కేబుళ్లూ పెట్టి చూడాలి. డ్రైవ్ తన పట్టికను తానే సరిచేసుకుని లేచే అవకాశం బాగానే ఉంటుంది.

అసలు అక్కడిదాకా రాకుండా చూసుకోవడం మేలు. 600 వీఏ యూపీఎస్ ఉన్నవాళ్లు దాని లోపలి 12 వోల్టుల బ్యాటరీ వయసు చూడండి. రెండు మూడేళ్లు దాటితే అది యూపీఎస్ కాదు, పేరుకి ఒక పెట్టె. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని మీద యూపీఎస్, నార్మల్ అని రెండు స్థానాల స్విచ్ ఉందేమో చూసి యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో మారే వ్యవధి ఎక్కువ, ఫ్యాన్లకి తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్లలో యూపీఎస్ స్థానంలో ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీకి మారుతుంది, ఆ మేరకు బ్యాటరీ తగ్గుతుంది. అయినా సరే అదే మేలు.

వీడియోల్లో చెప్పే ఒక చిట్కా మాత్రం ఈ ప్రాంతంలో పాటించొద్దు. డివైస్ మేనేజర్‌లో డిస్క్ పాలసీస్ కింద రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్ ఆపమని రెండో టిక్ ఉంటుంది. పెడితే వేగం పెరుగుతుందంటారు. కరెంటు పోయిన క్షణాన రాయాల్సిందంతా గాల్లో కలుస్తుంది. మొదటి టిక్ ఉండనివ్వండి, రెండోది ఖాళీగానే ఉంచండి.

ఎవరికి వద్దు

2 జీబీ ర్యామ్‌తో ఉన్న కోర్ 2 డ్యుయో మిషన్‌కి ఈ ఖర్చు పెట్టొద్దు. యూట్యూబ్ వీడియో దగ్గరే ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది, అది ఎస్‌ఎస్‌డీ తీర్చే బాధ కాదు. ఐ3 మిషన్‌కి కూడా ఒక షరతు ఉంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ముందుగా నమోదు చేసుకుంటే ఇళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ కావాలి, హెచ్61 ఆ దరిదాపుల్లో లేదు. అడ్డదారిలో వేసిచ్చే షాపులున్నాయి, కానీ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ అదే తంటా. బ్రౌజింగు, ఉత్తరాలు, ప్రింట్ల వరకే అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇదే ఎస్‌ఎస్‌డీ మీద హాయిగా నడుస్తుంది. దానికి 2029 దాకా మద్దతు ఉంది, ర్యామ్ 4 జీబీ ఉన్నా సరిపోతుంది. అను, ఆకృతి కావలసినవాళ్లు మిషన్‌ని నెట్ నుంచి తప్పించి విండోస్‌తోనే ఉంచుకోవడం మంచిది.

పాత హార్డ్ డిస్క్‌ని ఏం చెయ్యాలి అంటారా? సీ5, సీ6 సున్నా ఉంటే డీ డ్రైవ్‌గా ఉంచి ఫొటోలు, సినిమాలు అందులో పెట్టుకోండి. పేజ్ ఫైల్ మాత్రం సీ డ్రైవ్ మీదే ఉండాలి. సీ5 కదులుతున్న డిస్క్‌ని మిషన్‌లో ఉంచితే, ఎక్స్‌ప్లోరర్ తెరిచిన ప్రతిసారీ విండోస్ దానికోసం ఆగిపోతుంది, ఎస్‌ఎస్‌డీ వేసినా నత్తనడకే కనిపిస్తుంది. అలాంటిదాన్ని కాపీ అయిన రోజే కేబుల్ పీకి పక్కన పెట్టండి.